దోర్నకల్లు దేవాలయము

వినుకొండలో రైలెక్కినవాడు గుంటూరు, బెజవాడల మీదుగా కాజీపేట మార్గమున సాగిపోయినచో, ఖమ్మము దాటిన పిమ్మట దోర్నకల్లు కూడలి వచ్చును. సింగరేణి బొగ్గుగనుల ప్రాంతమునకు రైలుమార్గము చీలునది ఇచ్చటనే. ఊరు పెద్దది కాదు. అయినను అచ్చట ఒక వింత కట్టడము కలదు. దూరమునుండి చూచువానికి మినారులు, గుమ్మటములు కానవచ్చి మసీదేమో యని తోచును. దగ్గరకు పోయినచో రాతికంబముల వరుసలు దేవళపు మండపమును తలపించును. సిలువను చూచిన పిదప గాని అది క్రైస్తవ దేవాలయమని తేలదు.

దీనిని కట్టించినవాడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. ఈయన 1874లో తిరునల్వేలి సీమలో జన్మించిన తమిళుడు. 1909లో దోర్నకల్లు వచ్చి, తెలుగు నేర్చి, పల్లెలు తిరిగెను. తొలుత గుడారమే ఆయనకు గృహము. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనను బిషప్పుగా అభిషేకించిరి. ఆంగ్లికన్ సంఘమున అంతకుముందు ఏ భారతీయునకును ఆ పదవి దక్కలేదు. దొరలలోనే కాదు, స్వదేశీయులలోను కొందరు అది తగదనిరి.

ఆ కాలమున పెద్ద దేవాలయమనగా విలాయతీ పద్ధతియే. 1924లో ప్రతిష్ఠింపబడిన మెదకు దేవాలయము అట్టిది. మొనదేలిన కమానులతో, రంగుటద్దముల కిటికీలతో, 175 అడుగుల గోపురముతో అది నేటికిని చూపరులను ఆకర్షించుచున్నది. దాని అందమునకు వంక పెట్టబనిలేదు. కాని అజరయ్య కోరినది వేరు. ఆయన సంఘస్థులలో పెక్కుమంది మాల మాదిగ పల్లెల కూలిజనము. క్రొత్త మతము పుచ్చుకొన్నంతమాత్రమున వారు స్వదేశమున పరాయివారు కాగూడదని ఆయన పట్టుదల. ఊరి దేవళపు మండపమున అడుగిడనీయని ఆ జనమునకు అట్టి కంబముల నడుమనే కూర్చుండి ప్రార్థించు హక్కు ఇచ్చట లభించెను.

ఆ సంఘములు ధనికములు కావు. వంటకు బియ్యము కొలుచునపుడు ఇల్లాండ్రు పిడికెడు తీసి వేరుగా దాచి, ఆదివారము కానుకగా తెచ్చెడివారు. కట్టడమునకు పెక్కేండ్లు పట్టినది. తుదకు 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగెను. అది ఎపిఫనీ పండుగదినము. తూర్పుదేశపు జ్ఞానులు తమ దేశపు కానుకలతో బాలయేసును దర్శించిన దినముగా క్రైస్తవులు దానిని పాటింతురు. దేవాలయమునకును ఆ పేరే పెట్టిరి.

వినుకొండవాడైన గుఱ్ఱం జాషువ ఇచ్చట జ్ఞప్తికి రాకమానడు. క్రీస్తు కథను ఆయన తెలుగు పద్యములలో చెప్పెను; ఆ ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి లభించినది. ఆయన పద్యముతో చేసిన పనినే అజరయ్య అంతకుముందు రాతితో చేసియుండెను.

దోర్నకల్లు శిల్పములలో పద్మము ముఖ్యమైనది. భారతదేశపు పద్మమును, సిలువను అజరయ్య ఒక్కచోట కూర్చెను. క్రైస్తవ శాఖల ఐక్యమునకై ఆయన చిరకాలము పాటుపడెను గాని, ఆ ఐక్యమును చూడకయే 1945 జనవరి 1న దోర్నకల్లులో మరణించెను. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది. దాని చిహ్నమునందును సిలువతోకూడ పద్మమే కలదు.