లెక్కలో చొప్ప ఎందుకు?



ఈసారి గోడ పత్రికకు లెక్కల మీద ఏదైనా రాయమని మా సారు అన్నారు. 9వ తరగతి లెక్కలు రాస్తే చిన్నవాళ్ళు చదవరు, పెద్దవాళ్ళకు ఎలాగూ వచ్చు. అందుకని 4, 5 తరగతుల్లో మాటల్లో ఇచ్చే గుణకారం, భాగహారం లెక్కల గురించి రాస్తున్నాను. 24 × 6 ఎంత అని అడిగితే మనం టకటకా చేస్తాం. అదే నాలుగు వాక్యాల్లో కథలాగా ఇస్తే పెన్సిలు నోట్లో పెట్టుకొని పక్కవాళ్ళ నోటుబుక్కు చూస్తాం. నేనూ అలాగే చూసేదాన్ని.

పోయిన నెల సాయంత్రం స్టడీ అవర్లో 4వ తరగతి చెల్లెలు ఒకామె నా దగ్గరికి వచ్చింది. లెక్కలో "ఒక్కొక్కరికి 2 గుడ్ల చొప్పున" అని ఉంది. "అక్కా, గుడ్లకు చొప్ప ఎందుకు?" అని అడిగింది. అందరూ పకపకా నవ్వారు. నేను నవ్వలేదు. మన ఊళ్ళల్లో చొప్ప అంటే జొన్నచొప్పే కదా, ఎడ్లకు వేసేది. ఆ పిల్లకు తెలిసిన చొప్ప అదొక్కటే. ఇంట్లో గోండి మాట్లాడి బడిలో తెలుగు చదివే పిల్లకు లెక్క రాకముందే మాట అడ్డం పడుతుంది. నాకు 2వ తరగతిలో ఇంకో మాట అడ్డం పడింది. మా గోండిలో "ఉండి" అంటే ఒకటి. "బుట్టలో 12 పండ్లు ఉండి, అందులో 4 కుళ్ళిపోతే" అని లెక్క ఇస్తే నేను ఆ ఒకటిని కూడా కలిపి 13లో నుంచి 4 తీసేసేదాన్ని. 9 వచ్చేది. సారు తప్పు కొట్టేవారు. ఎందుకు తప్పో ఆయనకూ తెలియలేదు, నాకూ తెలియలేదు.

సరే, చొప్పున సంగతి. చింతగింజలు తీసి ఆ చెల్లెలి ముందు పెట్టాను. 2 గింజలు ఒక చోట, 2 గింజలు ఇంకో చోట, మళ్ళీ 2, మళ్ళీ 2. "అందరికీ అంతే అంతే ఇవ్వడాన్నే చొప్పున అంటారు" అని చెప్పాను. ఎవరికీ ఎక్కువ లేదు, తక్కువ లేదు. లెక్కలో ఈ మాట కనిపిస్తే గుంపులన్నీ సమానం అని ముందే మనకు చెప్పినట్టు. గుణకారమో భాగహారమో రాబోతుందన్నమాట. ఆ రెండిట్లో ఏది అన్నది మాత్రం ఆ మాట చెప్పదు. అది మనమే చూసుకోవాలి.

ఇక్కడే చాలామంది పడిపోతారు. "మొత్తం అంటే కూడాలి, పంచితే అంటే భాగించాలి" అని కొందరు బట్టీ పడతారు. నేనూ పట్టాను. ఈ మూడు లెక్కలు చూడండి.

24 మంది పిల్లలకు ఒక్కొక్కరికి 3 బిస్కెట్ల చొప్పున పంచాలంటే ఎన్ని బిస్కెట్లు కావాలి?

24 బిస్కెట్లను ఒక్కొక్కరికి 3 చొప్పున పంచితే ఎంతమందికి వస్తాయి?

24 బిస్కెట్లను ముగ్గురికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎన్ని వస్తాయి?

మూడింటిలోనూ "పంచు" ఉంది, 24 ఉంది, మూడు ఉంది. మొదటిదానికి మాత్రం గుణించాలి, 72 బిస్కెట్లు. పంచాలి అని ఉంది కదా అని భాగిస్తే 24 మందికి కలిపి 8 బిస్కెట్లు వస్తాయి. భోజనాల దగ్గర కొట్లాటే! రెండోదీ మూడోదీ భాగహారాలే, రెండింటికీ 8 వస్తుంది. కాని రెండూ ఒకే 8 కాదు. ఒక 8 మనుషులు, ఇంకో 8 బిస్కెట్లు.

దీంట్లో నుంచే నాకు ఒక అలవాటు వచ్చింది. అంకె ఒక్కదాన్నే ఎప్పుడూ రాయను, పక్కన దాని పేరు రాస్తాను. పేరు లేని అంకెను లెక్కలోకి రానివ్వను. మన హాజరు పట్టీలో పేరు లేని పిల్లకు అన్నం పెట్టరు కదా, అలాగ. (ఊరికే అన్నాను. మన వంట అక్క ఎవరికైనా పెడుతుంది.)

ఒకటి రెండు మెట్లు ఉన్న లెక్కకు ఇది అక్కర్లేదనిపిస్తుంది. మూడు మెట్లు వస్తే తెలుస్తుంది. మన స్టోరులో గుడ్ల అట్టలు అందరూ చూశారు, ఒక అట్టలో 30 గుడ్లు పడతాయి. లెక్క ఇది: ఒక హాస్టల్లో 180 మంది ఉన్నారు. వారానికి 3 రోజులు ఒక్కొక్కరికి ఒక గుడ్డు చొప్పున పెడతారు. 4 వారాలకు ఎన్ని అట్టలు తెప్పించాలి?

చెల్లెలు చదివిన వెంటనే 180ని 3తో, 4తో, 30తో వరసగా గుణించడం మొదలుపెట్టింది. ఆపి, "ఆఖరి వాక్యం చదువు, ఏం అడిగారు?" అన్నాను. "అట్టలు." "అట్టలు తెలియాలంటే ముందు ఏం తెలియాలి?" కొంచెం ఆలోచించి "గుడ్లు" అంది. "గుడ్లు తెలియాలంటే?" "ఎన్ని రోజులు పెడతారో" అంది. అంతే, లెక్క కింది నుంచి పైకి తెరుచుకుంది. ఇక పై నుంచి కిందికి చేయడమే.

వారానికి 3 రోజులు, 4 వారాలు: 3 × 4 = 12 గుడ్డు రోజులు.
రోజుకు 180 గుడ్లు: 180 × 12 = 2160 గుడ్లు.
అట్టకు 30 గుడ్లు: 2160 ÷ 30 = 72 అట్టలు.

5వ తరగతి చెల్లెలు పక్కనుంచి ఇంకో దారి చెప్పింది. 180 ÷ 30 = 6, అంటే రోజుకు 6 అట్టలు. 12 రోజులకు 6 × 12 = 72 అట్టలు. రెండు దారుల్లో వెళ్ళినా ఒకే ఊరు వచ్చింది. ఇది మంచి పరీక్ష. పరీక్షలో టైము మిగిలితే రెండో దారిలో చేసి చూసుకోండి.

అయితే మాకు ఇక్కడ ఒక పేచీ వచ్చింది. 180 కాకుండా 200 మంది ఉంటే? మొదటి దారిలో 200 × 12 = 2400 గుడ్లు, 2400 ÷ 30 = 80 అట్టలు. రెండో దారిలో 200 ÷ 30 చేస్తే 6 వచ్చి 20 మిగులుతుంది. ఆ 20 మందిని వదిలేయలేం కాబట్టి రోజుకు 7 అట్టలు. 7 × 12 = 84 అట్టలు. ఒకసారి 80, ఒకసారి 84. ఏది తప్పు? స్టడీ అవరు బెల్లు కొట్టినా మేము లేవలేదు.

జవాబు వంట అక్క చెప్పింది. "రోజూ ఏడో అట్టల పది గుడ్లు మిగుల్తయి కదా, వాటిని పారేస్తనా? తెల్లారి అవే ముందు తీస్త" అంది. రోజుకు 10 గుడ్లు, 12 రోజులకు 120 గుడ్లు, 120 ÷ 30 = 4 అట్టలు. 84లో నుంచి ఆ 4 తీసేస్తే 80. పుస్తకంలో శేషం అని ఒక మూలన రాసి వదిలేసేది వంటగదిలో ఎక్కడికీ పోలేదు, మరుసటి రోజు ముందుకు వచ్చింది.

శేషాన్ని ఏం చేయాలో అంకె చెప్పదు, కథ చెబుతుంది. కేస్లాపూర్ నాగోబా జాతరకు 50 మంది ఆటోల్లో పోవాలి, ఆటోకు 8 మంది అనుకోండి. 50 ÷ 8 చేస్తే 6 వచ్చి 2 మిగులుతుంది. 6 ఆటోలు అని రాస్తే ఇద్దరు రోడ్డు మీద నిలబడతారు. 7 రాయాలి. అదే 50 రూపాయలకు 8 రూపాయల పెన్నులు ఎన్ని వస్తాయంటే 6 మాత్రమే, 2 రూపాయలు చేతిలో ఉంటాయి. ఒకే భాగహారానికి ఒకచోట 7, ఒకచోట 6.

ఈ శేషం గురించి నేను ఇంత ఎందుకు రాస్తున్నానంటే, మా ఇంట్లో ఒకటి జరిగింది.

దండారికి సెలవులిస్తే ఇంటికి పోయాను. అప్పుడు పత్తి ఏరుతున్నారు. మా అవ్వ, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు కలిసి ఒక ఆసామి చేనులో ఆరు రోజులు ఏరారు. కిలోకు 10 రూపాయల కూలి. సంచిని 40 కిలోలకు తూచి కట్టారు, అలాంటివి 24 సంచులు అయ్యాయి. ఆయన 9000 రూపాయలు ఇచ్చాడు. నలుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి 2250 వచ్చింది. అవ్వ సంతోషంగానే ఉంది. నేను ఊరికే, బడి అలవాటుగా, లెక్క వేశాను.

24 × 40 = 960 కిలోలు. 960 × 10 = 9600 రూపాయలు. 600 తక్కువ. ఆయన ఏం చేశాడో కాసేపటికి అర్థమయింది. 960ని 100తో భాగించి 9 క్వింటాళ్ళు అని, క్వింటాలుకు వెయ్యి చొప్పున ఇచ్చాడు. మిగిలిన 60 కిలోలను శేషం అని వదిలేశాడు. ఆ 60 కిలోలు ఎండలో వంగి ఏరినవే కదా.

కాగితం మీద రాసి, ప్రతి అంకె పక్కన పేరు రాసి, అవ్వతో కలిసి ఆయన దగ్గరికి పోయాను. నా కాళ్ళు వణికాయి. ఆయన కాగితం చూసి, "నీ బిడ్డ లెక్క బాగనే చేసింది గని సంచుల బరువు ఎవలు తీస్తరు?" అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. నిజమే. 40 కిలోలు పత్తి ఒక్కదానివి కాదు, పత్తీ సంచీ కలిపి. నేను 40 పక్కన "కిలోలు" అని రాశాను గాని దేని కిలోలో రాయలేదు. పేరు సగమే రాశాను. నా లెక్కలో ఒక మెట్టు పోయింది.

ఆయన సంచికి కిలో అన్నాడు. 24 సంచులకు 24 కిలోలు. 60లో 24 పోతే 36 కిలోలు, 360 రూపాయలు, ఒక్కొక్కరికి 90. నేను అలా రాస్తూనే ఉన్నాను, మా అవ్వ "తూచి చూడున్రి" అంది. మా అవ్వ బడికి పోలేదు, వేలిముద్ర వేస్తుంది. ఖాళీ సంచి ఒక్కటి పెడితే కాటా సరిగ్గా చూపలేదు. అందుకని రెండు కలిపి పెట్టించింది. రెండు కలిసి ఒక కిలో వచ్చాయి. అంటే 24 ÷ 2 = 12 కిలోలు. 60లో 12 పోతే 48 కిలోలు. 48 × 10 = 480 రూపాయలు. 480 ÷ 4 = ఒక్కొక్కరికి 120 రూపాయలు.

ఆయన ఆ రోజు 400 ఇచ్చాడు. మిగిలిన 80 సంతనాడు ఇస్తానన్నాడు. ఇంతలో సెలవులు అయిపోయి నేను హాస్టలుకు వచ్చేశాను. ఇచ్చాడో లేదో ఈసారి అవ్వ వచ్చినప్పుడు అడగాలి.

చెల్లెళ్ళ కోసం కింద ఒక లెక్క ఇస్తున్నాను.

ఒక ఇంట్లో 6గురు ఉన్నారు. రోజుకు రెండు పూటలు, పూటకు ఒక్కొక్కరు 2 జొన్నరొట్టెల చొప్పున తింటారు. ఒక కిలో పిండికి 12 రొట్టెలు అవుతాయి. ఇంట్లో 30 కిలోల పిండి ఉంది. అది ఎన్ని రోజులు వస్తుంది? మొదటి 3 రోజులు ఇద్దరు చుట్టాలు వచ్చి వాళ్ళూ అలాగే తింటే, అప్పుడు మొత్తం ఎన్ని రోజులు వస్తుంది?

జవాబును కాగితం మీద రాసి శనివారం లోపల 9వ తరగతి గదిలో నాకు ఇవ్వండి. ప్రతి అంకె పక్కన దాని పేరు పూర్తిగా ఉండాలి. ఉత్త జవాబు రాస్తే వెనక్కి ఇచ్చేస్తాను. చుట్టాలు పోయాక ఎంత పిండి మిగిలిందో కాకుండా ఎన్ని రొట్టెలు మిగిలాయో చూస్తే తేలిక.