మరియొక ప్రమాణము

చిత్తూరునకు సమీపమున, బాహుదానదీ తీరమున కాణిపాకమను క్షేత్రము కలదు. అచ్చటి వరసిద్ధి వినాయకుడు సత్యప్రమాణములకు ప్రసిద్ధుడు. తెగని తగవులలో వాదులు ఆయన సన్నిధిని ప్రమాణము చేయుట నేటికిని ఆచారముగా నున్నది. ప్రమాణమనగా ఒట్టు మాత్రమే కాదు. కొలత యనియు, హద్దు యనియు అర్థములు కలవు. ఈ రెండవ విధమైన ప్రమాణమునకు లోబడవలసిన వస్తువొకటి అచ్చటికి వచ్చు యాత్రికుల చేతులలోనే యున్నది. అది సెల్‌ఫోను.

సెల్‌ఫోను వినుటయే గాక పలుకు రేడియో కూడ. మన మాటను తరంగములుగా మార్చి టవరునకు పంపును. టవరు దగ్గరనున్నచో మెల్లగా పలుకును. టవరు దూరమైనను, కొండ అడ్డమైనను గొంతెత్తి అరచును. పాత పద్ధతి ఫోను 900 మెగాహెర్ట్జ్ వద్ద హెచ్చుగా 2 వాట్ల వరకు పంపగలదు. నాలుగవ తరపు ఫోను వాటులో అయిదవవంతు మాత్రమే. టవరును చూచి భయపడువారు పెక్కుమంది కలరు. కాని చెవికి ఆనియుండునది ఫోను. సంకేతము క్షీణించిన చోటనే దాని బలము పెరుగును.

ఈ తరంగములు ఎక్స్‌కిరణములవలె అణువులను ఛేదింపజాలవు. శరీరమును కొంచెము వేడి చేయగలవు. కావున ఒక కిలోగ్రాము శరీరభాగము ఎన్ని వాట్లను గ్రహించునో కొలిచి హద్దు నిర్ణయించిరి. మన దేశమున 2012 సెప్టెంబరు 1 నుండి ఆ హద్దు 1.6 వాట్లు, ఒక గ్రాము కణజాలముపై సగటుగా దానిని లెక్కింతురు. పెక్కు ఫోనులలో *#07# అని నొక్కినచో ఆ ఫోను కొలత తెరపై కనబడును. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగము 2011లో ఈ తరంగములను 'క్యాన్సరు కారకములు కావచ్చును' అను తరగతిలో చేర్చెను. అది నిశ్చయము కాదు, సందేహము మాత్రమే. ఆ సంస్థ కోరగా జరిగి 2024లో వెలువడిన సమీక్షలో, సెల్‌ఫోనునకును మెదడు క్యాన్సరునకును సంబంధము కానరాలేదు.

ఆరోగ్యమునకు హద్దు ఉన్నట్లే ఇరుగుపొరుగునకును హద్దు కలదు. తిరుపతి నుండి కాణిపాకమునకు వచ్చు మార్గమున, కొండల నడుమ గాదంకి యను గ్రామమున్నది. అచ్చటి జాతీయ వాతావరణ పరిశోధనశాలలో 1024 యాంటెనాలు గల రాడారు ఒకటి ఆకసమువైపు తరంగములను పంపి, గాలిలోని అలజడి నుండి మరలివచ్చు ప్రతిధ్వనిని వినుచుండును. ఆ ప్రతిధ్వని అత్యంత బలహీనము. రాడారునకు కేటాయించిన స్థానము 53 మెగాహెర్ట్జ్. ఫోనులవి 900, 1800 మొదలగునవి. ఎవరి స్థానమున వారుండుటచేతనే ఒకే ప్రాంతమున ఇరువురును పని చేసికొనగలుగుచున్నారు.

ఈ కట్టుబాటును మీరువారును కలరు. సంకేతము చాలలేదని కొందరు అనుమతి లేని బూస్టరును కొని మిద్దెపై బిగింతురు. వారి ఫోను చక్కగా పలుకును. కాని ఆ యంత్రము మాటతోబాటు రొదను కూడ పెంచి టవరుపై కుమ్మరించును. టవరునకు తక్కిన ఫోనుల సన్నని పలుకులు వినబడవు. కాణిపాకమున వినాయకచవితి నుండి 21 దినములు బ్రహ్మోత్సవములు జరుగును. అంతటి జనసమ్మర్దమున బిడ్డ తప్పిపోయిన తల్లి పిలుపును, అంబులెన్సు కొరకైన పిలుపును అట్టి రొదలోనే మునిగిపోవచ్చును. బూస్టరు యజమానికి ఆ సంగతియే తెలియదు! అనుమతి లేక రేడియో పరికరమును దగ్గర నుంచుకొనుట చట్టవిరుద్ధము.

ఫిర్యాదు అందినప్పుడు టెలికాం శాఖవారు దిశను చూపు యాంటెనాతో వీధులలో తిరుగుదురు. దానిని నలువైపులకు త్రిప్పుచు, రొద ఎటు హెచ్చిన అటు నడచి, తుదకు ఆ మిద్దెను చేరుదురు. బూస్టరు తీగ ఊడదీసినంతనే టవరు వద్ద రొద అణగిపోవును.