ట్రాక్టరు చమురుతొట్టి బిరడా మరలు చెడినపుడు రైతులు చేయవలసిన పని

సారపాక గ్రామము గోదావరి కుడిగట్టున, భద్రాచలమున కెదురుగా నున్నది. ఈ ప్రాంతమున వరి, ప్రత్తి, మిరప పండించు రైతులకు తొలకరి దుక్కి దినములు మిక్కిలి విలువైనవి. ఎద్దు కుంటువడినచో పొరుగువాని ఎద్దు నడిగి యొకనాడు గడుపవచ్చును. ట్రాక్టరు ఇంజను పట్టుకొనిపోయినచో నేల పదును దాటిపోవును, విత్తు వెనుకబడును, మరమ్మతు వ్యయము పంటపై బడును. ఇంతటి నష్టము కొన్ని వేళల ఇంజను క్రింది చమురుతొట్టికుండు చిన్న బిరడా మూలముననే సంభవించును.

ఇంజనులోని క్రాంకు, దాని బేరింగులు ఒకదానినొకటి ఒరసికొనకుండ నడుమ పలుచని చమురుపొర నిలిచియుండును. బిరడా ఊడిపడిన యెడల చమురంతయు అల్పకాలములో కారిపోవును, పొర తెగును, లోహము లోహమును కాల్చును. కావున చమురు ఒత్తిడి దీపము వెలిగిన తక్షణమే ఇంజను నాపవలెను. చాలు ముగించి యాపుదమనుట నష్టహేతువు.

మరలు చెడుటకు కారణములు

మేస్త్రీలు త్రెడ్డులని పిలుచు మరచుట్లు బిగింపు బలమును మోయును. అందును మొదటి కొన్ని చుట్లే అధికభారము వహించును. పొడవైన పానాతోనో, పానాకు గొట్టము తొడిగియో బిగించినపుడు ఆ చుట్లు తెగును. బిరడాను వంకరగా నెక్కించి బలవంతముగా త్రిప్పుట రెండవ కారణము. పాత వాషరునే వాడి, చమురు చెమ్మగిల్లుట చూచి మరింత బిగించుట మూడవ కారణము. చమురును ఆపునది వాషరే గాని మరలు కావు. అల్యూమినియపు తొట్టి మెత్తనిది గనుక ఉక్కు బిరడాకు త్వరగా లొంగిపోవును. పోతయినుప తొట్టి మరలు గట్టివే గాని, అతిబిగింపునకు రంధ్రపు అంచు పగులవచ్చును. రేకుతొట్టికి అతికిన నట్టులో చుట్లు కొలదిగానే యుండును.

పరీక్షించు విధము

బిరడాను ఊడదీసి కిరసనాయిలుతో కడిగి వెలుతురున చూడవలెను. బిరడా చుట్లు మాత్రమే అరిగి, తొట్టి చుట్లు నిలిచియున్నచో క్రొత్త బిరడా చాలును. అది వ్రేళ్లతో త్రిప్పగనే వాషరు ఆనువరకు సాగిపోవలెను. బిగించునపుడు బిగువు రాక ఊరక తిరుగుచున్నను, బిరడాకు లోహపుతీగవంటి పీచు చుట్టుకొని వచ్చినను తొట్టి మరలు తెగినవని తెలిసికొనవలెను.

క్రొత్త బిరడా కొలత సరిగా నుండవలెను. 14 × 1.5 అనగా 14 మిల్లీమీటర్ల వ్యాసము, చుట్టునకు చుట్టునకు 1.5 మిల్లీమీటరు ఎడము. 1841లో జోసెఫ్ విట్‌వర్తు ప్రతిపాదించిన అంగుళపు మరల కోణము 55 డిగ్రీలు. మెట్రిక్ మరలది 60 డిగ్రీలు. పాత ఆంగ్లేయ ఆయిలింజనులకు అంగుళపు మరలుండవచ్చును. ఒకదానిలో నొకటి ఎక్కించినచో రెండును చెడును.

మరమ్మతు మార్గములు

చుట్లు కొంచెము నలిగియున్నచో, అదే కొలత ట్యాపు నడిపి శుభ్రపరచిన చాలును. పూర్తిగా తెగినచో మూడు మార్గములు కలవు. మొదటిది, తన మరలను తానే కోసికొనిపోవు లావుపాటి బిరడా. ఇది తాత్కాలికము, పలుమారు తీసిన మరల చెడును. రెండవది, రంధ్రమును పెద్దదిచేసి ఉక్కుచుట్టను నిలుపుట. ఇదియే మేలైనది. మూడవది తొట్టినే మార్చుట. రంధ్రపు అంచు పగిలినచో ఇది తప్పదు. రేకుతొట్టికి క్రొత్త నట్టు అతికింపవచ్చును. కాని తొట్టిని విప్పి, చమురు లేకుండ కడిగిన పిదపనే వెల్డింగు చేయింపవలెను, లేనిచో మంట లేచును. జిగురుమందుతో బిరడా నతికించినచో మరునాడు చమురు మార్చుటకు వీలుండదు.

ఉక్కుచుట్ట నిలుపు క్రమము

1. ట్రాక్టరును చదును నేలపై నిలిపి, చక్రములకు దిమ్మెలు పెట్టి, చమురు తీయవలెను. వీలైనచో తొట్టిని విప్పుట మంచిది. లోహపు పొడి ఇంజనులోనికి పోదు.

2. చుట్టతో వచ్చిన సూచికలో చెప్పిన డ్రిల్లుతోనే రంధ్రమును తిన్నగా పెంచవలెను. వాషరు ఆను ముఖమును చెక్కరాదు.

3. ట్యాపు గాళ్లకు గ్రీజు పూసి, అరచుట్టు ముందునకు, పావుచుట్టు వెనుకకు త్రిప్పుచు మరలు కోయవలెను. పొడి గ్రీజునకు అంటుకొనును. అయస్కాంతము అల్యూమినియమును పట్టదు గనుక దానిని నమ్మరాదు.

4. హెలికాయిలు అనబడు త్రుప్పుపట్టని ఉక్కుతీగ చుట్టను దాని పనిముట్టుతో, తొట్టి ముఖమునకు పావుచుట్టు నుండి అరచుట్టు లోపల నుండునట్లు ఎక్కింపవలెను. దాని కొనయందలి అడ్డుతీగను విరిచి తప్పక వెలికి తీయవలెను. తరచు తీయు రంధ్రమునకు గట్టి ఉక్కు బుష్షు మరింత మన్నును.

5. తొట్టిని కడిగి ఆరబెట్టి బిగించి, క్రొత్త వాషరుతో బిరడా పెట్టి, క్రొత్త చమురు పోసి, కొలచూచి, ఇంజను కొంతసేపు నడిపి, ఆపిన పిమ్మట చెమ్మ యున్నదేమో చూడవలెను.

మరల చెడకుండుటకు

బిరడాను మొదట వ్రేళ్లతో ఎడమకు త్రిప్పవలెను. చుట్లు కలిసినచోట చిన్న జారుపాటు తెలియును. అక్కడనుండి కుడికి త్రిప్పిన వంకర పోదు. తుదిబిగింపు తయారీదారు పుస్తకములో చెప్పినంత మాత్రమే, బిగువు కొలుచు పానాతో చేయవలెను. క్రొత్త రాగి వాషరు దొరకనిచో పాతదానిని ఎర్రగా కాల్చి చల్లార్చిన మెత్తబడును.

వరదకాలమున ఈ పని తరచు తటస్థించును. 1986 ఆగష్టులో భద్రాచలము వద్ద గోదావరి 75.6 అడుగులకును, 2022 జులైలో 71.3 అడుగులకును లేచినది. నీట మునిగిన ఇంజనును చమురు తీయకుండ త్రిప్పరాదు. నీరు చమురుకంటె బరువైనది గనుక అడుగున చేరి బిరడా తీయగనే ముందుగా వచ్చును. చమురు పాలవలె తెల్లబారియున్నచో దానినంతయు మార్చవలెను.

తీసిన పాత చమురును బోదెలోగాని వాగులోగాని పోయరాదు. 2016 నాటి భారతప్రభుత్వ నియమములు దానిని అపాయకర వ్యర్థములలో చేర్చినవి. మూతగల డబ్బాలో నిలువచేసి, అనుమతిగల సేకరణదారుల కప్పగింపవలెను.

బిరడాను వాషరుతోకూడ ముందుగా కొని ఇంట నుంచుకొని, మృగశిరకు పూర్వమే పరీక్ష ముగించిన రైతునకు దుక్కి నడుమ ఈ చిక్కు రాదు.