మొదటి దశ ట్రయల్‌లో నాన్నను చేర్చవచ్చా?

ప్రశ్న: మా నాన్నకు 61 ఏళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్ కాలేయానికి పాకింది. కీమో పనిచేయలేదు. కొత్త యాంటీబాడీ మందు ట్రయల్‌లో చేరతారా అని అడుగుతున్నారు. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, పలమనేరు

జవాబు: అమ్మా, మొదటి దశ ట్రయల్ ముఖ్యంగా చూసేది జబ్బు నయమవుతుందా అని కాదు, మందును ఎంత మోతాదు వరకు మనిషి తట్టుకోగలడు అని. కొందరిలో గడ్డ తగ్గొచ్చు. ఆ ఒక్క ఆశతోనే చేర్చకండి.

యాంటీబాడీ అంటే కణం మీద ఒక గుర్తును వెతికి అతుక్కునే ప్రోటీన్. కొన్ని రకాలు రోగనిరోధక శక్తిని ఉసిగొల్పుతాయి. అది శ్రుతి మించితేనే ప్రమాదం. 2006లో లండన్‌లో టీజీఎన్1412 అనే యాంటీబాడీ ఇచ్చిన ఆరుగురు ఆరోగ్యవంతుల అవయవాలు గంటల వ్యవధిలో దెబ్బతిన్నాయి. అదృష్టం, అందరూ బతికారు. ఆ తర్వాత జాగ్రత్తలు బాగా పెరిగాయి.

అసలు ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే వంటి జన్యు పరీక్షలు చేశారా? ఆ జన్యువుల్లో మార్పులుంటే ఇప్పటికే ఆమోదం పొందిన మాత్రలున్నాయి. ట్రయల్ మాట ఆ తర్వాతే. బయాప్సీ రిపోర్టు, స్లైడ్లు తీసుకుని తిరుపతి స్విమ్స్‌లోనో వేలూరు సీఎంసీలోనో మరో డాక్టరు అభిప్రాయం అడగండి.

చేరాలనుకుంటే సీటీఆర్‌ఐ (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియా) నమోదు నంబరు అడగండి. 2009 నుంచి అది తప్పనిసరి. అంగీకార పత్రం తెలుగులో ఇమ్మని అడిగి, ఇంట్లో చదివాకే సంతకం చేయించండి. 2019 నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి. నాన్న ఎప్పుడైనా మానుకోవచ్చు. ప్రయోగ మందుకు డబ్బు అడిగితే మాత్రం అనుమానించాల్సిందే.

మందు మొదలయ్యాక జ్వరం, చలి, ఆయాసం, ఆగని విరేచనాలు, మగత కనిపిస్తే వెంటనే ట్రయల్ డాక్టరుకు ఫోన్ చేయండి. అర్ధరాత్రయినా తెల్లారేదాకా ఆగకుండా దగ్గర్లోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, ట్రయల్ కాగితాలు చూపించండి.