ప్రవేశ దరువు

పాలమూరు, నల్లగొండ పల్లెలలో భాగోతం ఆడేటప్పుడు పాత్ర నేరుగా కథలోకి రాదు. తెర వెనుక గజ్జెల సవ్వడి వినిపిస్తుంది. మద్దెల, తాళాలు మోగుతాయి. తానెవరో, ఎక్కడి నుండి, ఎందుకు వచ్చాడో ప్రవేశ దరువులో తెలిపిన తరువాతనే పాత్రధారి సంభాషణ మొదలుపెడతాడు. యక్షగానం, వీథినాటకం, చిందు భాగవతం వంటి మన ప్రదర్శన కళలలో ఈ సంప్రదాయం కనిపిస్తుంది. దీనివలన పాత్ర స్వభావాన్ని గురించి ప్రేక్షకునికి సందేహం కలుగదు.

నిత్యజీవితంలో ఇటువంటి దరువు లేదు. ఎదుటివారి ముఖకవళికలను, చూపును, కంఠస్వరాన్ని బట్టి వారి మనోభావాన్ని మనమే గ్రహించాలి. “చూద్దాంలే” అన్న చిన్న మాట ఒకచోట అంగీకారం, మరొకచోట తిరస్కారం. ఈ భేదాన్ని గుర్తించడం చాలామందికి అప్రయత్నంగా అలవడుతుంది. కొందరికి మాత్రం అది శ్రమించి నేర్చుకోవలసిన విద్య. ఆస్పర్జర్ సిండ్రోమ్ గలవారు అటువంటివారు.

వియన్నా నగరానికి చెందిన శిశువైద్యుడు హాన్స్ ఆస్పర్జర్ 1944లో ఇటువంటి లక్షణాలు గల బాలురను గురించి రాశాడు. 1981లో ఆంగ్ల వైద్యురాలు లోర్నా వింగ్ ఈ స్థితికి ఆయన పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చింది. 2013లో అమెరికా మనోవైద్యుల సంఘం దీనిని విడిగా పేర్కొనడం మాని, ఆటిజంలో అంతర్భాగం చేసింది. నేడు వైద్యులు ఆటిజం అన్న పేరునే వాడుతున్నా, పాత పేరు వ్యవహారంలో నిలిచి ఉంది. ఇది అంటువ్యాధి కాదు. పెంపకంలోని లోపం వలన కలిగేదీ కాదు. మెదడు ఎదిగే తీరులోని భేదం. వీరికి సాధారణంగా తెలివితేటలలో గాని, భాషలో గాని లోటు ఉండదు. మాటల వెనుక దాగిన సూచనలను పట్టుకోవడం, పెద్ద శబ్దాలను, తీవ్రమైన వెలుతురును, ఆకస్మికమైన మార్పులను తట్టుకోవడం కష్టమవుతుంది. వీరికి అనుభూతి లేదనుకోవడం అపోహ.

ఇటువంటి వ్యక్తి వందలమంది ఎదుట నిలిచి నటించగలడా? ఈ ప్రశ్నకు అమెరికా నటుడు మిక్కీ రో జీవితం సమాధానమిస్తుంది. ఆయన ఆటిజం గలవాడు. చూపు కూడా చాలా తక్కువ.

మార్క్ హాడన్ 2003లో ప్రచురించిన ఒక ఆంగ్ల నవలను సైమన్ స్టీఫెన్స్ నాటకంగా మలచగా, 2012లో లండన్ నేషనల్ థియేటర్ దానిని ప్రదర్శించింది. 2013లో ఆ నాటకానికి 7 ఒలివియర్ పురస్కారాలు, 2015లో ఉత్తమ నాటకంగా టోనీ పురస్కారం లభించాయి. అందులో కథానాయకుడు క్రిస్టొఫర్ అనే 15 ఏళ్ల బాలుడు. లెక్కలలో దిట్ట, మనుషుల తీరు మాత్రం అతనికి అర్థం కాదు. అతనిలో పాఠకులు, ప్రేక్షకులు ఆస్పర్జర్ లక్షణాలను గుర్తించారు. అయినా ఆ పాత్రను ఎక్కువగా ఆటిజం లేని నటులే ధరిస్తూ వచ్చారు. 2017లో ఇండియానా రెపర్టరీ థియేటర్ ఆ పాత్రను మిక్కీ రోకు అప్పగించింది. అమెరికాలో ఆ పాత్రను ధరించిన తొలి ఆటిజం నటునిగా ఆయన గుర్తింపు పొందాడు.

నటన తనకు కొత్త కాదని ఆయన వివరించాడు. దుకాణంలో వస్తువు అడగాలన్నా, పరిచయస్థునితో మాట్లాడాలన్నా ముందుగానే మాటలు కూర్చుకొని పలకడం ఆయనకు చిన్ననాటి అలవాటు. నాటకంలోనూ మాటలు ముందే సిద్ధంగా ఉంటాయి. ఎవరు ఎప్పుడు వస్తారో, ఏమంటారో తెలుసు. మిగిలిన నటుడు చేయవలసిందల్లా, కంఠస్థమైన మాటను అప్పుడే పుట్టిన మాటవలె పలికించడం. ఇతరులు వృత్తిలో చేరిన తరువాత చేసే సాధనను ఆయన బాల్యం నుండి బతుకుతెరువు కోసమే చేశాడు.

నాటకం ఆడటం కంటె నాటకంలో చోటు సంపాదించడమే ఇటువంటివారికి కష్టం. నటుల ఎంపికలో అపరిచితుల ఎదుట కొద్ది నిమిషాలలోనే చొరవ చూపాలి. కళ్లలోకి చూసి మాట్లాడలేని వానిని నటనకు తగడని తలచే ప్రమాదం ఉంది. రాసిన మాటలు ఒకరోజు ముందుగా ఇవ్వడం, దర్శకుడు తన కోరికను సూచనగా గాక సూటిగా చెప్పడం, మార్పులను ముందే తెలపడం, విరామ సమయంలో నిశ్శబ్దమైన గది చూపడం – ఈ ఏర్పాట్లకు పెద్ద ఖర్చేమీ కాదు. ఆస్పర్జర్ గల ప్రతివారూ నటులు కాలేరు. ఇతరులలోనూ అందరూ కాలేరు కదా! పరీక్షించకుండానే తలుపు మూయడమే అన్యాయం.

మన దేశంలో 1995 నాటి చట్టం 7 రకాల వైకల్యాలనే గుర్తించింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆ సంఖ్యను 21కి పెంచి, అందులో ఆటిజాన్ని చేర్చింది. దివ్యాంగులైన కళాకారులకు, రచయితలకు వసతులు, చేయూత కల్పించడం ప్రభుత్వాల బాధ్యత అని కూడా పేర్కొన్నది. చట్టం దారి చూపుతుంది. ఆ దారిన నడవవలసినది సమాజం. కళాశాల వార్షికోత్సవంలో నాటకం వేసేటప్పుడు, ఎవరితోనూ కలవక వెనుక బల్లపై ఒంటరిగా కూర్చునే సహాధ్యాయికి కూడా ఒక పాత్రను చదివి వినిపించే అవకాశం ఇవ్వడం ఆ నడకలో తొలి అడుగు.

ప్రశ్నలు

1. ప్రవేశ దరువు ప్రయోజనమేమిటి?
2. మిక్కీ రోకు నటన కొత్త కాదనడానికి కారణాలు తెలపండి.
3. ఆస్పర్జర్ గల నటునికి నాటక సమాజం కల్పించదగిన వసతులను వివరించండి.