దూరదేశ విమానయానం – దేహ సంరక్షణ

జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతాల ఇళ్లలో విదేశ ప్రయాణం నేడు వింత కాదు. చిత్రీకరణలకు వెళ్లే సాంకేతిక నిపుణులు, అమెరికాలోని బిడ్డలను చూడబోయే తల్లిదండ్రులు శంషాబాద్‌లో విమానం ఎక్కుతూనే ఉంటారు. పెట్టెల బరువును గురించి చూపే శ్రద్ధ దేహాన్ని గురించి కూడా చూపడం అవసరం.

హైదరాబాదు నుండి లాస్ ఏంజెలెస్‌కు సూటి దూరం సుమారు 14,000 కిలోమీటర్లు. మధ్యలో విమానం మారవలసి ఉన్నందున ప్రయాణం సాధారణంగా 20 గంటలు దాటుతుంది. అయితే దూరం కన్నా కాలభేదమే దేహాన్ని ఎక్కువగా బాధిస్తుంది. 2023లో ‘నాటు నాటు’ పాటకు ఆస్కార్ పురస్కారం లభించినప్పుడు అక్కడ మార్చి 12 సాయంకాలం. మనకు 13వ తేదీ ఉదయం. అనగా పన్నెండున్నర గంటల తేడా. తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్న మారిషస్ కూడా మనకు 4,700 కిలోమీటర్ల దూరాన ఉన్నది. కాని కాలభేదం గంటన్నర మాత్రమే. అందుచేత అక్కడికి వెళితే అలసట కలుగుతుందే గాని రాత్రింబవళ్లు తారుమారు కావు.

దేహంలోని గడియారం సుమారుగా రోజుకొక గంట చొప్పున సర్దుకుంటుంది. అంతవరకు అకాల నిద్ర, మందాగ్ని, మలబద్ధకం కలగవచ్చును. విమానంలోని పొడిగాలి, నిద్రలేమి వాతాన్ని ప్రకోపింపజేస్తాయని ఆయుర్వేద రీత్యా చెప్పవచ్చును. అభ్యంగం శ్రమను, వాతాన్ని హరిస్తుందని అష్టాంగహృదయం చెబుతున్నది.

పాటించవలసిన నియమాలు:

1. ప్రయాణానికి ముందునాడు గోరువెచ్చని నువ్వులనూనెతో ఒళ్లు మర్దించుకొని స్నానం చేయవలెను.

2. విమానంలో మంచినీరు కొద్దికొద్దిగా త్రాగవలెను. కాఫీ మితంగా పుచ్చుకొని, మద్యం మానవలెను.

3. గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయవలెను. కూర్చున్నచోటనే పాదాలను పైకి, క్రిందికి ఆడించవలెను.

4. చేరిన తరువాత అక్కడి వేళల ప్రకారమే భుజించి, నిద్రించవలెను. పగటి వెలుతురులో నడవవలెను. రెండు మూడు దినాలు పెసరపప్పు అన్నం, జీలకర్ర కాచిన నీరు హితకరం.

5. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు మందుల వేళలను ముందుగానే వైద్యునితో నిర్ణయించుకొనవలెను. మందులను చేతిసంచిలోనే ఉంచుకొనవలెను.

ముఖ్య హెచ్చరిక: నాలుగు గంటలు మించి కదలక ప్రయాణిస్తే సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం సుమారు రెండింతలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించినది. ఇది అరుదైనదే గాని ప్రాణాంతకం కాగలదు. ప్రయాణానంతరం, కొన్ని వారాల తరువాతనైనా సరే, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెడితే దానిని వాతపు నొప్పిగా భావించి నూనెతో మర్దించరాదు. గడ్డ కదలి ఊపిరితిత్తులకు చేరవచ్చును. ఆయాసం, రొమ్ములో నొప్పి తోచినచో గృహవైద్యంతో కాలయాపన చేయక తక్షణమే ఆసుపత్రికి వెళ్లవలెను. వృద్ధులైన తల్లిదండ్రులను విమానం ఎక్కించే బిడ్డలు ఈ ఒక్క మాట తప్పక చెప్పి పంపవలెను.