పాఠం చెప్పే ముందు ఉస్తాద్ చేయవలసిన ‘ముతాలా’

మదర్సాలో చదువుకున్నవారందరికీ ‘ముతాలా’, ‘తక్రార్’ అనే రెండు మాటలు బాగా తెలుసు. రేపటి పాఠాన్ని ఈ రాత్రే చూసుకోవటం ముతాలా. చెప్పించుకున్న పాఠాన్ని తోటివారితో కలసి మళ్ళీ వల్లెవేయటం తక్రార్. ముతాలా చేయకుండా వచ్చిన విద్యార్థిని ఉస్తాద్ మందలిస్తారు. మరి ముతాలా చేయకుండా తరగతిలో కూర్చున్న ఉస్తాద్‌ను మందలించేదెవరు?

“ఈ కితాబు ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నాను, మళ్ళీ చూడవలసిన అవసరమేముంది?” అని కొందరంటారు. పాఠం పాతదే కావచ్చు. కాని ఎదురుగా కూర్చున్న విద్యార్థి కొత్తవాడు. అతని సందేహాలూ కొత్తవే.

హజ్రత్ మూసా (అలైహిస్సలాం) ఉదంతాన్ని గమనించండి. ఫిరౌన్ వద్దకు వెళ్ళమని ఆజ్ఞ అయినప్పుడు ఆయన తన ప్రభువును కొన్ని విషయాలు వేడుకున్నారు. హృదయాన్ని విశాలపరచమన్నారు. పనిని సులభం చేయమన్నారు. జనం తన మాట అర్థం చేసుకునేలా నాలుక ముడి విప్పమన్నారు. సోదరుడు హారూన్ (అలైహిస్సలాం)ను తోడుగా ఇమ్మన్నారు (తాహా: 25-32). సందేశం అల్లాహ్‌దే అయినా, అది వినేవారికి అర్థం కావాలన్న తపన ఆ దుఆలో ఉంది.

దైవప్రవక్త (స) ఏదైనా మాట చెబితే, బాగా అర్థమయ్యేందుకు దాన్ని మూడుసార్లు చెప్పేవారు. సహాబాలకు విసుగు కలగకూడదని ఉపదేశానికి తగిన సమయం చూసుకునేవారు. ఈ రెండు విషయాలూ సహీహ్ బుఖారీలోని ‘కితాబుల్ ఇల్మ్’లో ఉన్నాయి. ఏం చెప్పాలన్నదే కాదు, ఎలా చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్నది కూడా ఆలోచించటం ప్రవక్త సంప్రదాయమే.

బోధన మొదలుపెట్టిన కొత్తలో నా వల్ల జరిగిన ఒక పొరపాటు చెబుతాను. ఆ రోజు నమాజు పాఠాన్ని ముందుగా చూసుకోకుండానే వెళ్ళాను. ఒక కుర్రవాడు, “హజ్రత్, రెండు రకాతుల తర్వాత కూర్చోవటం మరచిపోయి పూర్తిగా లేచి నిలబడితే ఏం చేయాలి?” అని అడిగాడు. తడుముకుని, “నమాజు మొత్తం మళ్ళీ చదవాలి” అనేశాను. రాత్రి కితాబు తీస్తే గుండె గుభేలుమంది. నమాజు అలాగే కొనసాగించి, చివర్లో సజ్దా సహూ చేస్తే చాలు. దైవప్రవక్త (స) స్వయంగా అలా చేశారని హదీసు ఉంది. మరునాడు సరిదిద్దాను. కాని ఆ సరికే కుర్రవాడు ఇంట్లో చెప్పటం, వాళ్ళ నానమ్మ ఇషా నమాజు మళ్ళీ చదవటం జరిగిపోయాయి. మనం తరగతిలో అనే మాట తరగతిలోనే ఆగిపోదు.

నేను అప్పుడు “తెలియదు, చూసి చెబుతాను” అని ఉండవలసింది. ఇమామ్ మాలిక్ (రహ్మతుల్లాహి అలైహి) అంతటి వారిని 48 ప్రశ్నలు అడిగితే, 32 ప్రశ్నలకు “నాకు తెలియదు” అన్నారని ఉలమాలు పేర్కొన్నారు.

మరి ఉస్తాద్ ముతాలా ఎలా ఉండాలి?

1. ముందు సంకల్పం సరిచేసుకోవాలి. ఈ పాఠం అల్లాహ్ ప్రసన్నత కోసమే.

2. తెలిసిన పాఠాన్నయినా మరోసారి చదవాలి. ఈ రోజు పిల్లలు తప్పక నేర్చుకుని వెళ్ళవలసిన ఒక్క విషయాన్ని నిర్ణయించుకోవాలి.

3. మనం ఉర్దూలో చదువుకున్నాం. మన మక్తబ్ పిల్లల్లో చాలామంది బడిలో తెలుగు, ఇంగ్లీషు చదువుతున్నారు. కఠిన పదాలకు తెలుగు ముందే ఆలోచించుకోవాలి. ‘తఖ్వా’ను ఉత్త ‘భయం’ అంటే పిల్లవాడు బెదురుతాడు. ‘దైవభీతి’ అని, దాని వెనక ఉన్న ప్రేమనూ జాగ్రత్తనూ వివరిస్తే దగ్గరవుతాడు.

4. పిల్లలు అడగగల రెండు మూడు ప్రశ్నలు ఊహించి జవాబులు చూసుకోవాలి.

5. ఆకలి, నిద్రమత్తు, కోపం ఉన్నప్పుడు పాఠం చెప్పవద్దని ఇమామ్ ఇబ్నె జమాఅ (మరణం 1333) హెచ్చరించారు. శరీరాన్నీ మనసునూ సిద్ధం చేసుకోవటం కూడా ముతాలాలో భాగమే.

తమకు రావలసింది పూర్తిగా తీసుకుని, ఇతరులకు తగ్గించి ఇచ్చేవారిని ఖుర్ఆన్ తీవ్రంగా హెచ్చరించింది (ముతఫ్ఫిఫీన్: 1-3). తూనికలు, కొలతలు అంగట్లోనే ఉండవు. జీతం పూర్తిగా తీసుకుని పాఠం సగమే చెప్పే ఉస్తాద్ కూడా తన తక్కెడను ఒకసారి చూసుకోవాలి.

పిల్లలు మన చేతిలో అమానతు. అల్లాహ్ మనందరికీ ఆ బాధ్యతను నిర్వర్తించే సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.